భయం లేని అరగంట

మొన్న మూడో సంవత్సరం ఫార్మసీ క్లాసులో ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, రెండో రకం రిసెప్టర్ల మీద మాత్రమే పనిచేసే మందు ఉంటే బాగుండేది కదా. నిద్ర రాదు, మరుపు రాదు, భయం ఒక్కటే పోతుంది. అలాంటిది ఇంకా ఎందుకు రాలేదు?" అని అడిగింది.

మంచి ప్రశ్న. ఇరవై ఆరేళ్లుగా ఈ పాఠం చెప్తున్నాను, ఏడాదికి ఒకరైనా అడుగుతారు. నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంటుంది. ప్రయత్నించారు, జంతువుల్లో బాగా పనిచేసినవి మనుషుల దగ్గరికి వచ్చేసరికి కొన్ని నిద్ర తెప్పించాయి, కొన్ని అనుకున్నంత పనిచేయలేదు, ఇంకా వెతుకుతూనే ఉన్నారు అని చెప్తాను. ఆ రోజు మాత్రం, "భయం ఒక్కటే పోతే మనిషిలో ఏం మిగులుతుందో నీకేం తెలుసు? కూర్చో" అని కసిరాను. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంది. నాకు నోటి దురుసు మొదటినుంచీ ఉన్నదే గానీ, ప్రశ్న అడిగినవాళ్లని కసిరే జబ్బు ఈ రెండేళ్లలో పట్టుకుంది.

మెట్టుగూడలో ఇంటికి వచ్చాక ఆ పిల్లకి చెప్పాల్సిన జవాబు మొత్తం వంటింట్లో నిలబడి పైకే చెప్పేశాను. వినడానికి పొయ్యి మీద కుక్కరు తప్ప ఎవరూ లేరు. మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, నిన్న తప్పు నాదమ్మా అని చెప్పి, పుస్తకంలో ఉన్న జవాబు ఇచ్చాను. ఎందుకు కసిరానో మాత్రం చెప్పలేదు. అది క్లాసులో చెప్పే సంగతి కాదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

పాఠం పెద్ద కష్టమైనదేం కాదు. మెదడులో నరాల కణాల మీద గాబా అనే రసాయనం వచ్చి కూర్చునే చోట్లు ఉంటాయి. వాటిని రిసెప్టర్లు అంటాం. గాబా వచ్చి కూర్చుంటే ఆ కణం కాస్త నెమ్మదిస్తుంది. డయాజెపాం, అల్ప్రజోలం, మిడజోలం లాంటి మందులు అదే రిసెప్టరు మీద ఇంకో చోట అతుక్కుని గాబా చేసే పనిని పెంచుతాయి. అంతవరకూ ఎవరైనా చెప్తారు. అసలు సంగతి ఏమిటంటే ఆ రిసెప్టర్లన్నీ ఒక్కలాంటివి కావు. వాటిలో ఆల్ఫా అనే ముక్క రకరకాలుగా ఉంటుంది. ఆల్ఫా ఒకటి ఉన్నచోట మందు తగిలితే మత్తు, నిద్ర. రెండూ మూడూ ఉన్నచోట తగిలితే ఆందోళన తగ్గుతుంది. ఐదు ఎక్కువగా ఉండేది జ్ఞాపకాలు తయారయ్యే చోట. అక్కడ తగిలితే అప్పుడు జరిగింది తరవాత గుర్తుండదు, ఆ మరుపులో ఆల్ఫా ఒకటికీ కొంత వాటా ఉంది. నాలుగూ ఆరూ ఈ మందులకి లొంగవు. ఎలుకల్లో ఒక్కో రకాన్నీ మందుకి అందకుండా చేసి చూసి, ఏది ఏ పని చేస్తుందో విడదీశారు. మామూలు మందులకి ఈ తేడాలు పట్టవు. ఒక్క గదిలో లైటు ఆర్పడానికి ఇంటికంతా మెయిన్ ఆపేసినట్టు, అన్నిటి మీదా ఒకేసారి పడతాయి. నా క్లాసులో పిల్లలు దీన్ని ఎక్కంలా అప్పజెప్పాలి. ఒకటి నిద్ర, రెండు ధైర్యం, ఐదు మరుపు. ఎప్పుడో చదివి వెళ్లిపోయినవాళ్లు కూడా మోండా మార్కెట్లో కనిపిస్తే నమస్తే పెట్టి ఇదే చెప్పి నవ్వుతారు.

మా ఆవిడ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో, టైమ్ ఆఫీసులో గుమాస్తా. ఇద్దరిదీ విజయనగరం వైపే. పెళ్లై ఇక్కడికి వచ్చిన మూడో ఏడు పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది. మాకు పిల్లలు కలగలేదు. ఆవిడ పిరికి మనిషి. పిరికి అంటే అలా ఇలా కాదు. లిఫ్టు ఎక్కదు. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్తుంది. రోడ్డు దాటాలంటే నా చొక్కా పట్టుకుంటుంది. సాయంత్రం ఇద్దరం ఇల్లు చేరగానే ఆ రోజు దేనికెంత భయపడిందో వరసగా చెప్పేది, నేను వెక్కిరించేవాణ్ని. "నీ దగ్గర ఆల్ఫా రెండు అసలు పనిచేయడం లేదే, కంపెనీకి రాసి కొత్తది తెప్పించాలి" అనేవాణ్ని. "మీ ఎదవ పాఠాలు నా మీదే చెప్పండి" అని విసుక్కునేది. ఇరవై ఎనిమిదేళ్లు మా ఇంట్లో కబుర్లంటే ఆవిడ భయాలూ, నా వెక్కిరింపులూనూ.

ముద్ద గొంతు దిగడం లేదని ఒకరోజు అంది. నీళ్లు తాగుతూ తిను అన్నాను. నెల తిరిగేసరికి జాకెట్లు వదులైపోయాయి. ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే గొంతులోంచి కెమెరా వేసి, కడుపులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు నేను ఒక్కణ్నే వెళ్లి తెచ్చుకున్నాను. క్యాన్సరు. ముందు కొన్నాళ్లు మందు ఎక్కించి, తరవాత ఆపరేషన్ చేసి కడుపులో చాలా భాగం తీసేయాలని డాక్టరు చెప్పాడు. ఎంత లోతుకి పోయిందో చూడ్డానికి మత్తు ఇచ్చి ఇంకోసారి కెమెరా వెయ్యాలన్నాడు. చిన్నవాడే, మర్యాదస్తుడు. "ఆమెకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగాడు. నేనే చెప్తానన్నాను.

చెప్పలేదు. మా వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది, పెద్ద జబ్బు పేరు జబ్బు మనిషికి చెప్పరు. మా మావగారు చివరిదాకా తనది గ్యాసు అనుకుంటూనే పోయారు. ఊళ్లో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప. ఇల్లంతా కలిసి ఒక అబద్ధాన్ని కంచంలో పెట్టి రోజూ వడ్డించారు. మా ఆవిడా వడ్డించింది. అదేం తప్పని మాకెవరికీ అనిపించలేదు. కాబట్టి నేను కూడా "పుండు పడిందిట, ఇంకోసారి చూస్తారుట" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి కాసేపు చూసి, "మత్తిస్తే లేవకపోతేనో?" అంది. ఆ భయమే చాల్లే అనుకుని ఊరుకున్నాను.

రెండోసారి కెమెరా వేసిన రోజు పొద్దున పదకొండు గంటలకి నన్ను లోపలికి పిలిచారు. పచ్చ తెర కట్టిన మంచం మీద పడుకుని ఉంది. మిడజోలం ఇచ్చారు. కళ్లు తెరిచే ఉంది, మాట కాస్త ముద్దగా ఉంది, ముఖం మాత్రం కడిగిన పళ్లెంలా ఉంది. నేను ఆ ముఖాన్ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"ఏవండీ, ఈ పంకా చూశారా, ఎంత నెమ్మదిగా తిరుగుతోందో" అంది.

"భయం వేసిందా?" అన్నాను.

"భయమేటి? ఎందుకూ?" అంది.

అప్పుడు వచ్చింది నాకు ఆ బుద్ధి. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు అంటారు, నాకు అచ్చంగా అదే జరిగింది. రెండు పనిచేస్తోంది, భయం లేదు. ఐదు కూడా పనిచేస్తోంది, ఇప్పుడు ఏం చెప్పినా రేపటికి ఉండదు. ఇంకో అరగంట ఇలాగే ఉంటుంది. ఈ లెక్క వేయగలవాడు ఆ హాలు మొత్తంలో మంచం పక్కన కూర్చున్న మొగుళ్లలో నేనొక్కణ్నే. గుండెలో మూడు వారాలుగా మోస్తున్న రాయి దించుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదనుకున్నాను. చెయ్యి పట్టుకుని జబ్బు పేరు చెప్పేశాను. ఏం మిగల్చకుండా చెప్పేశాను.

ఆవిడ శ్రద్ధగా వింది. "అవునా" అంది. తరవాత నా చెయ్యి నిమిరి, "పాపం, ఎన్నాళ్లనుంచి దాచుకున్నారు ఇది? ఒక్కరూనూ" అంది. నాకు ఏడుపు ఆగలేదు. తెర అవతల ఎవరో దగ్గుతున్నారు, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు.

"ఆపరేషన్ చేయాలంటున్నారు. చేయించుకుంటావా?" అని అడిగాను.

"ఎందుకండీ ఈ కోతలూ కుట్లూ. ఉన్నన్నాళ్లు ఉంటాను. ఇంటికెళ్లి పెసరట్లు వేసుకుందాం" అని నవ్వింది.

ఇంకో పావుగంటకి ముఖం మళ్లీ మామూలైపోయింది. కనుబొమలు దగ్గరపడ్డాయి, చెయ్యి నా చొక్కా కోసం వెతికింది. "అయిపోయిందా? ఏటన్నారు డాక్టరుగారు?" అంది. పుండే, మాత్రలతో తగ్గుతుందిట అన్నాను.

ఆవిడకి ఆపరేషన్ ఇష్టం లేదని డాక్టరుతో చెప్పాను. "ఒకసారి ఆమెని తీసుకురండి సార్, నేను మాట్లాడతాను. ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు. తెస్తానన్నాను. రెండుసార్లు ఫోన్ చేయించాడు. ఈ వారం కాదు, వచ్చే వారం అన్నాను. నేను చేస్తున్నది తప్పని నాకు తోచలేదు. పైపెచ్చు గొప్పగా అనిపించింది. ఆవిడ భయం తీసేసి అడిగితే వచ్చిన జవాబు అది. మెలకువలో అడిగితే వణికిపోతుంది, ఏడుస్తుంది, వణుకులో ఏదో ఒకటి అంటుంది. వణుకు లేనప్పుడు అన్నదే ఆవిడ సొంత మాట. అలా నాకు నేను పాఠం చెప్పుకున్నాను. ఐదు వారాలు గడిచాయి. ఇంకో నిజం కూడా చెప్పాలి, సిగ్గు విడిచి చెప్తున్నాను. ఆ ఐదు వారాలూ నేను హాయిగా నిద్రపోయాను. చెప్పాల్సింది చెప్పేశాను, అడగాల్సింది అడిగేశాను అన్నట్టుండేది. పెసరట్లు కూడా వేశాను. ఒక ముక్క తిని, మింగలేక పక్కన పెట్టింది.

సెలవు కాగితం దగ్గర దొరికిపోయాను. ఆఫీసులో సెలవు పొడిగించాలంటే డాక్టరు సర్టిఫికెట్ కావాలి. నేను కాలేజీలో ఉండగా, ఆవిడ ఆఫీసు స్నేహితురాలిని తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లి అడిగింది. వాళ్లు రాసిచ్చారు. ఇన్నేళ్లుగా వర్క్‌షాపు మొత్తం తెచ్చిచ్చే సిక్ సర్టిఫికెట్లు చదివి ఫైల్లో పెట్టిన మనిషి ఆవిడ. ఏ పొట్టి అక్షరాలకి ఏ రోగమో, ఆ రోగంతో సెలవు పెట్టినవాడు మళ్లీ డ్యూటీకి వస్తాడో రాడో, నాకంటే బాగా తెలుసు. తన కాగితం తనే చదువుకుంది. తరవాత డాక్టరు దగ్గర కూర్చుని అన్నీ అడిగి తెలుసుకుంది.

నేను సాయంత్రం వచ్చేసరికి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. కాగితం ముందు పెట్టుకుంది.

"ఆపరేషన్ నేను వద్దన్నానట. ఎప్పుడన్నాను?"

చెప్పాను. తెర వెనక అరగంట సంగతి అంతా చెప్పాను.

"నాకేటీ గుర్తులేదు" అంది.

"గుర్తుండదు. అది ఆల్ఫా ఐదు వల్ల. చూడు, రిసెప్టర్లలో..." అని మొదలుపెట్టాను. ఛీ, నా చదువు తగలెయ్య. కట్టుకున్న భార్య ఎదురుగా కూర్చుని తన ప్రాణం గురించి అడుగుతుంటే పాఠం చెప్పాను. బల్ల మీద వేలితో గీసి మరీ చెప్పాను.

ఆవిడ పూర్తిగా విని, "అయితే గుర్తుండదని తెలిసే చెప్పారన్నమాట" అంది.

"ఆ రోజు నీకు భయం లేదు. భయం లేనప్పుడు అన్న మాటే నీ అసలు మాట అనుకున్నాను" అన్నాను.

"భయం నాది కాదా మరి? ఎవరిదనుకున్నారు?" అంది. గొంతు పెంచలేదు. "భయపడే ఆ పరీక్ష రాశాను. భయపడే ఇన్నేళ్లూ ఆఫీసుకెళ్లాను. మీకు జ్వరం వస్తే, మీరు వద్దంటున్నా ఆటో పిలిచి ఆసుపత్రికి లాక్కెళ్లేదాన్ని, అదీ భయంతోనే. ఇది తెలిస్తే భయపడి ఆ మర్నాడే కోయించేసుకుందును. నాకు బతకాలని ఉందండీ. మీరు మందుని అడిగారు, నన్ను అడగలేదు."

ఆ వారమే వైద్యం మొదలైంది. కాగితాల మీద ఆవిడే సంతకాలు పెట్టింది, వణుకుతూనే. మందు ఎక్కించుకునే ప్రతిసారీ ముందురోజు నుంచి అన్నం మానేసేది భయంతో, అయినా పొద్దున్నే నాకంటే ముందు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేది. మూడు నెలల తరవాత కడుపు కోసి చూస్తే పక్కలకి పాకిపోయింది. ఏమీ తీయకుండా కుట్టేశారు. ఆ ఐదు వారాల వల్లేనా అని డాక్టరుని అడిగాను. "అవునని చెప్పలేను సార్, కాదని కూడా చెప్పలేను" అన్నాడు. అవును అని ఉంటే బాగుండేది. తలబాదుకోవడానికి ఒక గోడ దొరికేది.

తరవాత ఆవిడ ఎనిమిది నెలలు ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు, తిట్టలేదు. "మంచినీళ్లు ఇవ్వండి", "తలగడ కాస్త పైకి జరపండి", "మీరు తిన్నారా". అంతే. భయాలు చెప్పడం మాత్రం మానేసింది. ఇరవై ఎనిమిదేళ్లు నా చెవిలో పోరిన మనిషి ఆ సంగతులన్నీ స్నేహితురాలికి ఫోన్లో చెప్పుకునేది. నేను గదిలోకి వెళ్తే, "సరేనే, మళ్లీ చేస్తాను" అని పెట్టేసేది. తలుపు దగ్గర నిలబడి వినబోయి, నాకే అసహ్యమేసి హాల్లోకి వచ్చి కూర్చునేవాణ్ని. ఇప్పుడు ఇల్లు ఖాళీగా ఉందని చుట్టాలు ఫోన్ చేసి ఓదారుస్తుంటారు. ఇల్లు ఖాళీ అయింది ఇప్పుడు కాదు, అప్పుడే. ఆవిడ మంచం మీద ఉండగానే. "ఏమైనా భయంగా ఉందా?" అని రోజూ అడిగేవాణ్ని. "లేదండీ, బాగానే ఉంది" అనేది. అబద్ధమని తెలుసు. వెక్కిరించడానికి కూడా నాకు ఏమీ మిగల్చలేదు.

చివరి రోజుల్లో నీళ్లు కూడా దిగడం మానేశాయి. దారి తెరిచి ఉంచడానికి లోపల చిన్న గొట్టం పెట్టాలన్నారు. మళ్లీ అదే ఆసుపత్రి, అదే మత్తు. మధ్యాహ్నం రెండింటికి ఆవిడని చక్రాల మంచం మీద తీసుకెళ్తుంటే అలవాటుగా నేనూ వెనక నడిచాను. మంచం తోస్తున్న ఆయమ్మ తలుపు దగ్గర ఆగి నా వైపు తిరిగింది. ఆ వార్డులో చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి, మా ఆవిడతో బాగా చనువుగా ఉండేది.

"సార్, మీరు గీడనే కూసోండ్రి. అమ్మ లోపలికి రావద్దన్నది" అంది.

"అయ్యాక పిలుస్తారు కదా, మెలకువ వచ్చేటప్పుడు?"

"అయినంక సుత వద్దన్నది సార్. మొత్తం తెలివొచ్చినంకనే పిలువమన్నది. జెర ఏమనుకోకుండ్రి."

మంచం మీదకి చూశాను. ఆవిడ పైకప్పు వైపు చూస్తోంది, నా వైపు తిరగలేదు. దుప్పటి అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. తలుపు మూసుకుంది.

ఇనప కుర్చీలో కూర్చున్నాను. గంట దాటాక లోపలినుంచి ఆవిడ గొంతు వినపడింది. ముద్ద ముద్దగా, ఆపకుండా మాట్లాడుతోంది. మాటలు తెలియడం లేదు. మధ్యలో నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో. లేచి తలుపు దాకా వెళ్లాను, మళ్లీ వచ్చి కూర్చున్నాను. లోపల ఆ అరగంట నడుస్తోందని నాకు తెలుసు. ఆవిడకి ఇప్పుడు భయం లేదు, అడిగితే ఏదైనా చెప్తుంది, నన్ను పాపం అని కూడా అంటుందేమో. దానికీ నాకూ మధ్య ఒక్క చెక్క తలుపు ఉంది.

ఆయమ్మ బయటికి వచ్చింది. ఎదురెళ్లాను.

"ఏం మాట్లాడిందమ్మా?"

"మస్తు మాట్లాడింది సార్. ఏం పరేషాన్ కాకుండ్రి, మంచిగనే ఉన్నది."

"నా గురించి ఏమైనా అందా?"

ఆమె చేతిలో బేసిను ఇటు నుంచి అటు మార్చుకుంది. "మీకు చెప్పొద్దన్నది సార్. సూది ఇయ్యకముందే నాతోని ఒట్టు ఏపిచ్చుకున్నది" అని పక్కనుంచి వెళ్లిపోయింది.

నాలుగు దాటాక నన్ను పిలిచారు. కనుబొమలు దగ్గరపడి ఉన్నాయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నన్ను చూడగానే తల ఎత్తబోయింది.

"మీరు లోపలికి రాలేదు కదా?" అంది.

"రాలేదు. బయటే కూర్చున్నాను."

"హమ్మయ్య" అని కళ్లు మూసుకుంది.